గుమ్మానికి పసుపు గుడ్డ

ఓర్లా బాతు ఈకను నిలువునా చీల్చి, బాణం పుల్లకు జిగురు రాసి అతికించి, పైన బిగించి దారం చుట్టింది. పొద్దుటినుంచి ఇదే పని. ఇరవై ఏళ్లుగా ఆమె బొటనవేలిని జిగురు వదల్లేదు. ఈ బాణాలన్నీ వీరులకే. వీరులు ఊరిని కాపాడతారట!

లోపల మంచం మీద మొగుడు హాడ్రిక్ ఊపిరి పిల్లికూతలు కూస్తోంది. అతనికి బురదనేల పాచి కషాయం పడాలి. బురదనేల పూట నడక, అంతే. కానీ ఊరికొక కట్టడి ఉంది. పని పడితే గుమ్మానికి పసుపు గుడ్డ కట్టాలి. దాన్ని ఏ వీరుడు విప్పుకుంటే పని అతనిది. ఇక ఇంటివాళ్లు కూడా ఆ పని మీద ఊరి తలుపు దాటకూడదు.

దారిలో తిరిగే తోడేళ్లకు జడిసి గుడ్డ కట్టింది ఓర్లాయే. పాచి తెస్తే హాడ్రిక్ బూట్లు ఇస్తానంది. ఇంట్లో ఇవ్వదగ్గవి అవే. మూడు వారాల కిందట వెండి టోపీవాడొకడు గుడ్డ విప్పుకుపోయాడు.

మధ్యాహ్నం బాణాల కట్ట అంగట్లో వెయ్యడానికి వెళ్తుంటే వాడు వంతెన మీద కనబడ్డాడు. చేపలు పడుతున్నాడు.

"ఏమయ్యా, మా ఆయన పాచి ఏదీ?"

వాడు తల తిప్పలేదు.

"నిన్నే! చెవుల్లో సీసం పోసుకున్నావా?"

వాడు లేచి, ఉన్నచోటే రెండు గెంతులు గెంతి, ఆమె కట్టలోంచి ఒక బాణం లాక్కుని మళ్లీ కూర్చున్నాడు.

ఓర్లా కట్టను అక్కడే పారేసి ఊరి తలుపు దగ్గరకు పరుగెత్తింది.

"తియ్యరా బోస్కో. నేనే పోయి తెచ్చుకుంటా."

కావలి బోస్కో గడియకు అడ్డం నిలబడ్డాడు. "పని వీరుడి చేతిలో ఉంది పిన్నీ. ఆయన తల్చుకుంటే చిటికెలో తెస్తాడు."

"తల్చుకోడానికి తలుండాలిగా! చేపలు పడుతున్నాడ్రా వాడు!"

"తీస్తే నా కొలువు పోద్ది."

"మా ఆయన పోతే నీ కొలువు తెచ్చిస్తుందా?"

బోస్కో గడియ తీయలేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు మిన్నా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నిండు చెంబు.

"నాన్న నీళ్లడిగాడమ్మా. తెచ్చేసరికి..."

లోపల పిల్లికూతలు లేవు.

తల్లీకూతుళ్లు అతని మొహం తుడుస్తుండగా వెండి టోపీవాడు తలుపు తోసుకుని వచ్చాడు. పెట్టె మూత తెరిచి చూశాడు, కూజా తన్ని పగలగొట్టాడు, అప్పుడు సంచిలోంచి పాచి తీసి చాచాడు. సంచి నిండా పాచే. ఎండి, గోధుమరంగు తిరిగి, పొడి రాలుతోంది. ఎన్నాళ్లనుంచో వాడి భుజానే ఉంది.

"ఇవ్వకమ్మా!" అంది మిన్నా. వాడు మంచం కిందనుంచి బూట్లు అప్పటికే లాక్కున్నాడు.

వాడు పోయాక ఓర్లా ఏడవలేదు. సుత్తి తీసుకుని గుమ్మానికి గుడ్డ కట్టే మేకు పీకేసింది. వీధిలో పడి ప్రతి ఇంటి పసుపు గుడ్డా చింపుకుంటూ పోయింది.

"అక్కా, అది మా బావి పని!" ఎదురింటి గెల్డా గోల పెట్టింది.

"మనమే తవ్వుకుందాం. మీ ఇంట్లో పలుగుందా, లేదా?"

గెల్డా లోపలికెళ్లి పలుగు తెచ్చింది. వెనక ఇంకొకరు. ఇంకా కొందరు. ఎవరి బయటి పనులకు వాళ్లే పోదామని అంతా ఊరి తలుపుకేసి నడిచారు. ఆ గుంపును చూసి బోస్కో మాట్లాడకుండా గడియ తీశాడు.

తలుపు అవతల మురుగుకాలువలో హాడ్రిక్ బూట్లు పడి ఉన్నాయి. వాడికి పట్టలేదు కాబోలు. ఎడమదాని మడమకు మొన్ననే ఓర్లా వేసిన తోలు అతుకు, బురదలో కూడా కొత్తగా మెరుస్తోంది.