కౌంటర్ మీది రెండు రైఫిళ్లు

సయీద్‌కు తుపాకుల మోజు మొదటి నుంచీ ఉన్నది కాదు. సిడ్నీలో క్వేకర్స్ హిల్ వైపు ఇల్లు తీసుకున్న తర్వాత, పక్కవీధి హేమచంద్ర ఒక శనివారం రమ్మంటే రైఫిల్ క్లబ్బుకు పోయాడు. ఇంట్లో ఉంటే ఫోన్ వదలదని కూతురు యుస్రాను కూడా కారెక్కించాడు. అప్పటికి ఆ పిల్ల ఏడో క్లాసు.

క్లబ్బు వాళ్లు నేల మీద చాప వేసి, యుస్రాను బోర్లా పడుకోబెట్టి, ఒక చిన్న రైఫిల్ చేతికిచ్చారు. ఎట్లా పట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల దాన్ని ఎడమ భుజానికి ఆనించుకుంది, కుడికన్ను మూసింది, కాల్చింది. గురి కాగితం తెప్పించి చూస్తే చిల్లులన్నీ ఒక్క బొటనవేలితో మూసెయ్యొచ్చు, అంత దగ్గరగా పడ్డాయి. క్లబ్బు చూసుకునే గ్లెనిస్ అనే పెద్దావిడ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"మనిషికి రెండు కళ్లున్నా ఒకటే పెత్తనం చేస్తుంది. ఈ పిల్లకు ఎడమకన్ను చేస్తోంది. దాన్ని కదిలించొద్దు," అంది ఇంగ్లీషులో.

సయీద్ తల ఊపాడు. సంతోషంలో ఉన్నాడు, ఆ మాట చెవిలో పడింది గాని లోపలికి పోలేదు.

సయీద్‌ది ప్రొద్దుటూరు. దూదేకుల ఇల్లు, ఇంట్లో మాట తెలుగే. ఆ ఇంట్లో ఎడమచేత్తో తినరు. ఒకరికి ఏదీ ఎడమచేత్తో ఇవ్వరు, ఇస్తే తీసుకోరు. యుస్రా పుట్టుకతోనే ఎడమచేతి వాటం. పసిపిల్లగా చెంచా ఎడమచేత్తో పట్టుకున్నప్పుడల్లా సయీద్ దాన్ని కుడిచేతిలోకి మార్చేవాడు. కొట్టింది లేదు, కసిరింది లేదు. మార్చేవాడు, అంతే. పోనుపోను అన్నం ముద్ద కుడిచేతికి వచ్చింది. పెన్సిల్ మాత్రం రాలేదు. బడిలో టీచరు వద్దందని ఆయన దాని జోలికి పోలేదు.

అది మొదలు శనివారాలు వాళ్లిద్దరివీ అయ్యాయి. ఇంట్లో యుస్రా నాన్నతో నాలుగు మాటలు మాట్లాడేది కాదు. అడిగిన దానికి యెస్, నో. కారెక్కితే మాత్రం మాట్లాడేది. బడిలో ఎవరు ఎవరితో పలకడం లేదో, లెక్కల సారు ఎట్లా నడుస్తాడో, అన్నీ చెప్పేది. సగం ఇంగ్లీషు, పావు తెలుగు, తక్కింది నవ్వు. సయీద్ స్టీరింగ్ పట్టుకుని వినేవాడు. దారి ఇంకాస్త ఉంటే బాగుండునని అనిపించేది.

లైసెన్సు చేతికొచ్చాక సొంత రైఫిల్ కొందామనుకున్నాడు. పిల్లల పేరున ఇవ్వరు. తండ్రి పేరున తీసుకుని, పిల్లకు పర్మిట్ తెచ్చుకుని, పక్కనే ఉండి కాల్పించాలి. సయీద్ రాత్రీ పగలూ ఫోన్‌లో వీడియోలు చూశాడు. రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు మనసులో పడ్డాయి. ఒకటి నల్లది, ఒకటి కర్ర పిడిది. వేలు నొక్కితే చాలు, తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది. ఏది మంచిదో తేలక హేమచంద్రను పట్టుకుని పీడించాడు. చివరికి ఆయన్నే వెంటబెట్టుకుని, యుస్రాను తీసుకుని, తుపాకుల షాపుకు పోయాడు.

షాపాయన పేరు కెవిన్. సయీద్ ఫోన్‌లో రెండు బొమ్మలూ చూపించాడు. కెవిన్ ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి సయీద్ వైపు చూశాడు.

"గురి ఆటకు ఈ రెండిట్లో ఏది అమ్మినా నేను జైల్లో ఉంటాను. నువ్వు పక్కగదిలో ఉంటావు. మాట్లాడుకోడానికి తోడుంటుంది," అన్నాడు.

హేమచంద్ర కడుపు పట్టుకుని నవ్వాడు. "ఏంది భాయ్ ఇది! నల్లదా, కర్రదా అని నా బుర్రంతా తింటివి గదయ్యా! ఈ దేశంలో రెండూ ఇయ్యరని ముందే కనుక్కోని ఉంటే నేను ఇంట్లో హాయిగా పడుకొనుండే వాణ్ణి."

యుస్రా కూడా నవ్వింది. "నాన్నా, యూ డిడ్ నాట్ గూగుల్ ద లా?"

"వీడియోలో వాడు చెప్పలే పాపా," అన్నాడు సయీద్. నలుగురూ నవ్వుకున్నారు. ఆ రోజు ఆ నవ్వుతోనే ముగిసిపోయినా ఎంత బాగుండేదో.

కెవిన్ లోపలికి పోయి రెండు రైఫిళ్లు తెచ్చి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒక్క కంపెనీవే, ఒక్క తీరువే. తూటా తూటాకూ చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసే బోల్టు రైఫిళ్లు. ఒకదానికి బోల్టు పిడి కుడిపక్క ఉంది. రెండోదానికి ఎడమపక్క.

"ఇది ఎడమచేతి వాళ్లకు. దొరకడం తక్కువ. మొన్ననే వచ్చింది," అన్నాడు కెవిన్.

యుస్రా అప్పటికే దాని మీద చెయ్యి వేసింది. ఎడమచెయ్యి. పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసింది. మెత్తగా జారింది. ఆ పిల్ల తలెత్తి నాన్నను చూసింది. ఏమీ అడగలేదు. చూసింది.

హేమచంద్రకు ఊరుకునే అలవాటు లేదు. "ఏందమ్మా, తుపాకి గూడా ఎడంచేత్తోనేనా? వచ్చే నెల మనోళ్లందర్నీ క్లబ్బుకు పిలిచినాం. బార్బెక్యూ, షూటింగు, అంతా. అందరి ముందర ఎడంచేత్తో కాలిస్తే నిన్నేమనరు. మీ నాన్ననే అంటారు, ఆడపిల్లకు చేతివాటం గూడా మార్పించలేకపోయినాడని."

ఆయన వేళాకోళానికి అన్నాడు. అని, పక్కనున్న టోపీలు చూడ్డానికి పోయాడు కూడా. సయీద్‌కు మాత్రం చెవులు వేడెక్కాయి. బార్బెక్యూలో ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లూ మగవాళ్లూ, వాళ్ల మధ్య తన కూతురి ఎడమచెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"కుడిచేతిదే ఇవ్వండి," అన్నాడు.

"కాల్చేది ఈ పిల్లే కదా?" అన్నాడు కెవిన్.

"చిన్నపిల్ల. అలవాటు చేసుకుంటుంది."

యుస్రా చెయ్యి తీసి జేబులో పెట్టుకుంది. తిరిగొచ్చేటప్పుడు కారులో ఏమీ మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నాడు సయీద్.

పోలీసుల కాగితాలన్నీ అయ్యాక రైఫిల్ ఇంటికొచ్చింది. యుస్రా దాన్ని కుడిభుజానికి ఆనించుకోవడం నేర్చుకుంది. ఎడమకన్ను ఊరుకోకపోతే దాని మీద చిన్న నల్లగుడ్డ కట్టుకుంది. బార్బెక్యూ రోజు నలుగురి ముందర కుడిచేత్తోనే కాల్చింది. చిల్లులు కాగితమంతా చెదిరాయి. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఎడమచెయ్యి ఊసు ఎవరూ ఎత్తలేదు. హేమచంద్రకైతే షాపులో తానన్న మాటే గుర్తు లేదు.

తర్వాత తర్వాత చిల్లులు దగ్గరికి రాలేదు. గ్లెనిస్ ఒకటి రెండుసార్లు సయీద్‌తో చెప్పబోయింది. ఆయన, ప్రాక్టీసు చాలదండీ అని తప్పించుకున్నాడు. యుస్రాతో, "మనసు పెట్టు పాపా, మనసు పెట్టు," అనేవాడు. ఆ పిల్ల "ఓకే" అనేది. కారులో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది.

భార్య హఫీజా ఒకరోజు నిలదీసింది. "ఏమయ్యా, ఆ పిల్ల శనివారమొస్తే చాలు మొగం ముడుచుకోని వస్తాంది. ఏం జేస్తాండావు దాన్ని ఆడ?"

"ఏం జేస్తా? దానికి మనసు నిలవడంలే."

"మనసు నిలవంది దానికా, నీకా?"

సయీద్ లేచి బయటికి పోయాడు. దానికి జవాబు అప్పటికి ఆయనకే తెలియదు.

చలికాలంలో ఒక శనివారం యుస్రా సగంలో ఆపేసింది. బోల్టు తెరిచింది. ఖాళీ అని అందరికీ కనబడేలా గొట్టం మొదట్లో పచ్చ ప్లాస్టిక్ ముక్క దూర్చింది. నియమం ప్రకారం అన్నీ చేసి, లేచి బట్టలు దులుపుకుంది. "ఐయామ్ డన్, నాన్నా," అంది. కోపం లేదు, ఏడుపు లేదు. మరుసటి వారం నుంచి దగ్గర్లోని రౌస్ హిల్‌లో ఒక బేకరీలో శనివారాల పని చూసుకుంది.

సయీద్ ఒక్కడే క్లబ్బుకు పోయాడు. బ్యాగులో ఆ నల్లగుడ్డ కనబడింది. ఏం తోచిందో, దాన్ని తన కుడికంటికి కట్టుకున్నాడు. రైఫిల్‌ను ఎడమ భుజానికి ఆనించాడు. మెడ ఎట్లా పెట్టాలో తెలియలేదు. చెంప ఎక్కడ ఆనాలో తెలియలేదు. తనది కాని కంటితో చూస్తుంటే దూరంగా ఉన్న కాగితం నీళ్లలో ఉన్నట్టు కదిలింది. మనసు పెట్టాడు. ఎంత పెట్టాలో అంతా పెట్టాడు. కాల్చాడు. మళ్లీ కాల్చాడు. వెనక నుంచి గ్లెనిస్, "అది నీ భుజం కాదు కదా," అంది.

"కాదు," అన్నాడు సయీద్.

కాగితం తెప్పించుకుంటే దాని మీద ఒక్క చిల్లు కూడా లేదు. మెడ నరం పట్టేసింది. చాప మీద అట్లాగే పడుకుని ఉండిపోయాడు. తాను కాసేపటికే ఓర్చుకోలేకపోయాడు. ఆ పిల్ల ఎన్ని శనివారాలు ఓర్చుకుందో లెక్క పెట్టబోయి మానేశాడు.

అటునుంచి అటే షాపుకు పోయాడు. ఎడమచేతి రైఫిల్ ఎప్పుడో అమ్ముడుపోయింది. తెప్పించడానికి టైం పడుతుందన్నాడు కెవిన్. తెప్పించమని చెప్పి, సాయంత్రం బేకరీ మూసే వేళకు రౌస్ హిల్ పోయాడు. యుస్రా వచ్చి కారెక్కింది. వెన్న వాసన వస్తోంది.

"పాపా, ఎడమచేతి రైఫిల్ తెప్పిస్తాండా. పర్మిట్‌కు కూడా రాస్తా."

"నాన్నా, యూ డోంట్ హావ్ టు."

"నాది తప్పు. నీకు చేతకాక కాదు, నీ గురి కన్ను ఎడమది. ఈ పొద్దు నేను కట్టుకోని చూసినా."

యుస్రా కిటికీ వైపు తిరిగింది. "ఐ న్యూ దట్, నాన్నా. ఆ రోజు షాప్‌లో కూడా తెలుసు."

"మరి ఎందుకు చెప్పలే?"

"నువ్వు చూస్తావని వెయిట్ చేశా. నేను నిన్నే చూస్తా ఉంటి. నువ్వు హేమచంద్ర అంకుల్‌ని చూసినావు."

సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగినా సయీద్ బండి కదిలించలేదు. వెనక బండి వాడు హారన్ కొట్టాడు.

"రైఫిలొచ్చినాక ఒక్కసారి రా పాపా. ఒక్క శనివారం."

"సాటర్డేస్ ఐ వర్క్." ఆయన ముఖం చూసి, మెత్తగా అంది. "ఇట్స్ ఓకే. నాకు బేకరీ నచ్చింది. నువ్వు పో. నీకు ఇష్టం కదా."

నాకు ఇష్టమైంది క్లబ్బు కాదు తల్లీ అని చెప్పాలనుకున్నాడు. మాటలు అక్కరకు రాని మనిషి. అట్లా చెప్పడం ఎన్నడూ అలవాటు లేదు. ఇల్లు వచ్చేసింది. యుస్రా దిగి లోపలికి పోయింది. సయీద్ ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, లోపల దీపం వేసిన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.