తప్పు వైపు నిలబడ్డవాడు

పదకొండోసారి వెనక్కి తిప్పాడు వెండెల్ ప్రోకాప్. తెరమీద కుప్పగా పడి ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఒక్కొక్కరే లేచారు, వెనక్కి నడిచారు, మళ్లీ ఎదురెదురుగా వంగి నిలబడ్డారు. బంతి కదిలింది. వెండెల్ బంతి వంక చూడలేదు. అది మానేసి ముప్పై నాలుగేళ్లయింది. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లను చూడడానికి దేశమంతా ఉంది. వాళ్లను ఆపేవాళ్లను చూడడం అతని పని.

ఉదయం ఏడున్నర. వంటగది బల్లమీద లాప్‌టాప్, పక్కన గళ్ల నోటుపుస్తకం, చల్లారి పొర కట్టిన ఓట్స్ జావ. కిటికీ అవతల మంచు తోసే బండి ఉప్పు చల్లుకుంటూ పోతోంది. వెండెల్‌కు అరవై మూడేళ్లు. భారీ ఒళ్లు, దాన్ని మోయలేని సన్నకాళ్లు. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతుంటాయి. పెన్సిల్ ఒత్తుకుని ఒత్తుకుని కుడిచేతి నడివేలు మొదటి కణుపు దగ్గర సొట్టపడింది. చదువుకునే పిల్లలకుండే గుర్తు అది, ఈ వయసులో మరెవరికీ ఉండదు. "ఈ ఇంట్లో ఆదివారమన్నదే లేదు" అని భార్య లోర్నా వెళ్లిపోయి పద్దెనిమిదేళ్లయింది. నిజమే, లేదు. ఆదివారం ఆటలు, మిగిలిన ఆరు రోజులూ ఆ ఆటల్ని వెనక్కి తిప్పి చూడడం.

కొలుములు ఆరిపోయిన ఆ ఒహైయో ఏటి ఒడ్డు ఊళ్లో, ఒక చిన్న పత్రికలో ఆటల విలేకరి అతను. బతుకు మొత్తంలో చెప్పుకోదగ్గది ఒక్కటే. ఎదుటివాళ్లను ఆపే డిఫెన్స్ ఆటగాళ్లలో ఏటా మేటివాణ్ణి ఎంచే యాభై మందిలో అతనొకడు. ఇరవై ఏడేళ్లుగా ఆ వోటు అతని చేతిలో ఉంది. ఈ ఏటి వోటుకు గడువు ఇవాళ సాయంత్రం ఐదు.

ఈసారి ఆలోచించాల్సిన పనే లేదని అందరూ అంటున్నారు. డెవాన్ ఎట్‌వుడ్. ఇరవై మూడేళ్లు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను ఈ ఒక్క ఏడాదే పంతొమ్మిది సార్లు నేలకు తెచ్చాడు. ఊళ్లో మంగలి దుకాణం నుంచి చర్చి నోటీసు బోర్డు దాకా అతని బొమ్మే. ఇక్కడికి గంట దూరంలో ఉన్న నగరం జట్టు అతనిది. పదకొండేళ్ల తర్వాత ఆ జట్టు, వచ్చే శనివారం, ఓడితే ఇంటికి పోవాల్సిన పెద్ద ఆటలో దిగుతోంది.

వెండెల్ చూస్తున్నది నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండుగ నాటి ఆట. మూడో పావులో ఎట్‌వుడ్ తల సొంత జట్టువాడి మోకాలికి తగిలింది. దెబ్బ పెద్దదేం కాదు. వ్యాఖ్యాతలు పట్టించుకోలేదు. ఎట్‌వుడ్ లేచాడు, శిరస్త్రాణం సర్దుకున్నాడు, నడిచి వెళ్లి వరసలో ఎడమ కొసన నిలబడ్డాడు. అతని చోటు కుడి కొస. ఎడమన అప్పటికే ఒకడున్నాడు. ఆ పక్కవాడు చొక్కా పట్టి లాగి అతణ్ణి అవతలికి తోశాడు. ఆ తర్వాత మూడుసార్లు, వంగి నేలకు చెయ్యి ఆనించే ముందు, ఎట్‌వుడ్ తన చేతుల వంక చూసుకున్నాడు. అవి ఎవరివో తెలుసుకోవాలన్నట్టు. ఆ తర్వాత రెండుసార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు. జనం ఊగిపోయారు.

అప్పట్నుంచి ఇంకో ఐదు ఆటలు. ఐదింట్లో నాలుగుసార్లు తప్పు వైపు.

వెండెల్ పెన్సిల్ కాగితం మీద ఆగింది. సక్రమంగా ఆడితే ప్లస్, తప్పితే మైనస్, ఏదీ కాకపోతే సున్నా. తప్పు వైపు నిలబడితే మైనస్. ఏమీ రాయకుండానే పెన్సిల్ కింద పెట్టాడు.

పక్క గదిలో గోడ పొడవునా నోటుపుస్తకాలున్నాయి. అందులో ఒకదాన్ని అతను తెరవడు, తెరవకుండానే పేజీ తెలుసు. ఇరవై నాలుగేళ్ల కిందటి డిసెంబరు. ఆర్లిస్ బీమన్ అనే లైన్‌బ్యాకర్, డిఫెన్స్‌లో రెండో వరసవాడు. ఆ కాలంలో అలా ఆపేవాడు ఇంకొకడు లేడు. ఏడాది చివర్లో మాత్రం వెండెల్ కంటికి ఒకటి కనబడింది. తక్కిన నలభై తొమ్మిది మందిలో ఎవరికీ కనబడలేదు. "మూడుసార్లు తప్పు వైపు నిలబడ్డాడు. ఒకసారి ఎదుటి జట్టు గుంపులోకి నడిచాడు. అశ్రద్ధ. మైనస్." తన చేతిరాత. ఎంత నిశితంగా చూశానో అని అప్పుడు గర్వపడ్డాడు కూడా. ఆ మైనస్సులు కూడి, వోటు రెండోవాడికి వేశాడు. ఆ రెండోవాడికి ఇరవై ఐదు, బీమన్‌కు ఇరవై నాలుగు, ఇంకెవరికో ఒకటి. ఒక్క వోటు తేడా. వోట్ల జాబితా పత్రికల్లో వచ్చింది. తలదెబ్బలతో లోపల మొదలైన జబ్బును తానే ఎరగక, బీమన్ ఓడిన కసితో మరుసటేడు ఇంకా గట్టిగా ఆడాడు. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు.

ఎనిమిదింటికి వెండెల్ నగరం జట్టుకు ఫోన్ చేశాడు. పత్రికలవాళ్లతో మాట్లాడే ప్రూయిట్ తీశాడు.

"ఏం ముసలాయనా, వోటు పడ్డట్టేనా?"

"డెవాన్‌ను డాక్టరు చూశాడా?"

"దేనికి?"

"థాంక్స్‌గివింగ్ నాడు తల తగిలింది. అప్పట్నుంచి తప్పు వైపు నిలబడుతున్నాడు."

ప్రూయిట్ నవ్వాడు. "తప్పు వైపు నిలబడే పంతొమ్మిదిసార్లు పడేశాడా? మా వాళ్లందర్నీ తప్పు వైపే నిలబెడతాను అయితే. నిన్న టీవీలో చూళ్లేదూ? నవ్వుతూ తుళ్లుతూ ఉన్నాడు."

"నవ్వడానికేం, నవ్వుతారు. చూడమని ఒక్క మాట చెప్పు."

"వెండెల్, శనివారం ఆట. ఇలాంటి మాట నా నోట్లోంచి వస్తే శుక్రవారానికి ఈ ఉద్యోగంలో నేనుండను. నువ్వు వోటు వెయ్యి, చాలు."

పత్రిక కార్యాలయం ఇప్పుడు పళ్ల డాక్టరు క్లినిక్ పైన, రెండు గదుల్లో ఉంది. మెట్లెక్కేసరికి వెండెల్ చెవులు దిమ్మెక్కాయి. సంపాదకురాలు మార్జీన్ కోటు విప్పకుండానే కూర్చుని పేజీలు దిద్దుతోంది. హీటర్ మళ్లీ చెడిపోయింది.

"ఆ మొహమేంటి? రాత్రంతా నిద్రపోలేదా?"

నిలబడే చెప్పాడు వెండెల్. లాప్‌టాప్ తెరిచి ఆ నాలుగుసార్లూ చూపించాడు. మార్జీన్ కళ్లు చికిలించి చూసింది.

"నాకేం కనపళ్లేదు. ఒకడు పొరపాటున అటు నడిచాడు, ఇటొచ్చాడు. అంతేగా?"

"అంతే. అదే."

"నువ్వు డాక్టరువి కాదు వెండెల్. వీడియో చూసి మనిషి తలకాయలో ఏముందో మనం అచ్చెయ్యలేం. రేపు లాయర్లొచ్చి ఈ హీటర్ కూడా పట్టుకుపోతారు." నవ్వించాలని చూసింది. అతను నవ్వలేదు. గొంతు తగ్గించింది. "ఈ ఊరోళ్లకి ఈ ఏడాది సంతోషమన్నది ఆ పిల్లాడొక్కడే."

"ఇదివరకు ఒకసారి చూశాను మార్జీన్. అప్పుడు అశ్రద్ధ అని రాసుకున్నాను."

ఆమెకు బీమన్ సంగతి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. కలం మూత తీసింది, పెట్టింది.

"ఇప్పుడు రాస్తే మేలు జరిగేది ఆ కుర్రాడికా, నీకా?"

 ఆమె మాట కొట్టాలని అనలేదు, నిజంగానే అడిగింది. అందుకే అది లోపలికి దిగింది. తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, శనివారం ఆట గురించి నాలుగు వందల మాటలు రాశాడు. ఎట్‌వుడ్ పేరు ఆరుసార్లు వచ్చింది. తప్పు వైపు సంగతి ఒక వాక్యంగా రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. మార్జీన్ దాన్ని తీసేసింది. తీసేసినట్టు లేచి వచ్చి చెప్పింది. అంతవరకూ మంచి మనిషే.

వోటు వేసే పేజీ తెరిచి ఉంది. ఒక్క గడి, అందులో ఒక్క పేరు. ఎట్‌వుడ్‌కు వెయ్యకపోతే, దెబ్బ తిన్న మనిషికి దెబ్బ తిన్నందుకు మైనస్ వేసినట్టు. బీమన్‌కు చేసిందే మళ్లీ చేసినట్టు. వేస్తే, ఆ తలను ఇంకా కొట్టించుకోమని చప్పట్లు కొట్టినట్టు. మూడో దారి కోసం పదకొండున్నర దాకా ఆ గడి వంక చూశాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు. ప్రతి సోమవారం మధ్యాహ్నం భోజనం వేళకు అతను వెళ్లే చోటు ఒకటుంది.

జ్ఞాపకం పోయినవాళ్లను చూసుకునే ఇల్లు ఊరి చివర, పాత రైలు షెడ్డు వెనక ఉంది. బీమన్‌ను అక్కడ చేర్చి తొమ్మిదేళ్లు. వెండెల్ కంటే పదేళ్లు చిన్నవాడు. ఒకప్పుడు మనుషుల్ని ఎత్తి పారేసిన భుజాలు చొక్కా హ్యాంగరులా మిగిలాయి. చర్చి ఆడవాళ్లు అమ్మే పియెరోగీలంటే, బంగాళాదుంప కూరిన ఆ కుడుములంటే, ఇష్టం అతనికి. ఉల్లిపాయలు వేసి వెన్నలో వేయించి తెస్తే, వెండెల్ ముక్కలు చేసి తినిపించేవాడు.

పోయిన సోమవారం కూడా తిన్నాడు. నోరు తుడుస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమోయ్ పేపరాయనా, ఈసారి ఎవరికేస్తున్నావు?"

"ఇంకా తేల్చలేదు ఆర్లిస్."

"నాకెయ్యవయ్యా. ఈ ఏడు బాగా ఆడాను. మా ఆవిణ్ణడుగు, కావాలంటే."

"నీకే వేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

తొమ్మిదేళ్లుగా ఏ నెలలో వెళ్లినా అదే మాట, అదే ఒట్టు. రెండుసార్లు వెండెల్ నిజం చెప్పేశాడు. పుస్తకంలో ఏం రాసుకున్నాడో, వోటు ఎవరికి వేశాడో, అంతా. మొదటిసారి బీమన్ అర్థంకాక కిటికీ వైపు చూశాడు. రెండోసారి పకపకా నవ్వాడు. "తప్పు వైపా? నేనా? నీకెవరో తప్పు చెప్పారోయ్." క్షమించమని అడగడానికి వెండెల్ వచ్చేసరికి, క్షమించాల్సిన మనిషి లోపల లేడు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు, పియెరోగీలు తేవడం మానలేదు.

ఇవాళ కూడా మూత పెట్టిన గిన్నెను చేతిసంచిలో పెట్టుకుని నడవా దాటాడు. బీమన్ గది తలుపు బార్లా తీసి ఉంది. ఎప్పుడూ అలా ఉండదు. మంచం మీద దుప్పటి లేదు, దిండు లేదు. నీలం రబ్బరు పరుపు తుడిచినట్టుంది, తడి ఇంకా ఆరలేదు. కిటికీ సందుగా తెరిచారు. చలి.

సేవిక ఒడెస్సా వెనకనుంచి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"మీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను వెండెల్ గారూ. చుట్టాల పట్టికలో మీ నంబరు లేదు."

"ఎప్పుడు?"

"పొద్దున కాఫీ తాగాడు. గడ్డం గీస్తుంటే కబుర్లు చెప్పాడు కూడా. తువ్వాలు తెద్దామని అటు తిరిగాను, అంతే. పదింబావుకి పోయాడు. కూతురు రేపు బయల్దేరుతుందట టెక్సస్ నుంచి."

"ఏమన్నా అన్నాడా?"

ఒడెస్సా ఆలోచించింది. అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదు. "నీళ్లు చల్లగా ఉన్నాయన్నాడు."

వెండెల్ తల ఊపాడు. సంచి ఆమె చేతికిచ్చాడు. "వేడిగా ఉన్నాయి. తినండి మీరు."

ఆమె వెళ్లాక గోడవారన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు. తొమ్మిదేళ్లలో నాలుగు వందలకు పైగా సోమవారాలు ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క వోటు పక్కన పెడితే ఆ నాలుగు వందలూ ఎంత తూగుతాయో తేలలేదు. ఇక తేల్చేవాడూ లేడు. నడవాలో ఎవరి గదిలోనో టీవీ మోగుతోంది. శనివారం ఆట గురించే. ఎట్‌వుడ్ పేరు వినపడింది.

జేబులోంచి ఫోన్ తీసి వోటు పేజీ తెరిచాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. డెవాన్ ఎట్‌వుడ్. ఇంకొక మైనస్ వెయ్యడానికి చెయ్యి రాలేదు, అంతకుమించి కారణం ఏమీ లేదు. నొక్కాడు. మీ తీర్పుకు కృతజ్ఞతలు అని తెర మీద వచ్చింది. ఆ కుర్రాడు శనివారం ఆడతాడు. తల వంచి, చేతుల వంక చూసుకుని, జనం కేకల మధ్య ముందుకు దూకుతాడు. అందరూ బంతిని చూస్తారు.

"మధ్యాహ్నం ఇంకొకాయన వస్తున్నాడండీ" అంది గుమ్మంలోంచి ఒడెస్సా, నొచ్చుకుంటూ. "గది తుడవాలి."

వెండెల్ లేచాడు.  మంచం కమ్మి పట్టుకుని నిలబడి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ బయటికి నడిచాడు. ఒడెస్సా బకెట్ తేవడానికి వెళ్లింది.

మంచానికి ఎదురుగా గోడమీద తెల్లపలక ఉంది. పొద్దున్నే బీమన్‌కు గుర్తుండాలని ఆమె నీలిరంగులో పెద్ద అక్షరాలతో రాసిన రాత ఇంకా చెరపలేదు. ఈరోజు సోమవారం. బయట మంచు పడుతోంది. భోజనానికి మీ స్నేహితుడు వస్తాడు.