పదిహేడు నుంచి ఇరవై ఐదు దాకా

ముప్ఫై ఆరు మంది పిల్లల్లో ఓ తొమ్మిది మంది ఎప్పుడూ ఒకేసారి క్లాసులో లేరు.

ఈ సంగతి సైన్స్ టీచరు కంట పడింది గురువారం మధ్యాహ్నం, వంటింటి బల్ల దగ్గర. ఫోన్‌లో పాఠం అయిపోయాక ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్లారో ఒక పట్టీ వస్తుందని ఆవిడకి ముందురోజే తెలిసింది. సోమవారమైతే మైకు తెరవకుండా ఇరవై నిమిషాలు గుండె గురించి గొంతు చించుకున్న మనిషి. ఇప్పుడు కళ్లజోడు సవరించుకుని ఆ పట్టీని వేలితో కిందికీ పైకీ జరుపుతోంది.

పదిహేడో నంబరు తొమ్మిదీ రెండుకి వచ్చి తొమ్మిదీ ఏడుకి మాయం. పద్ధెనిమిది తొమ్మిదీ ఎనిమిదికి హాజరు. అది వెళ్లగానే పంతొమ్మిది. ఇరవై ఐదు దాకా ఇదే వరస. నాలుగు రోజులూ ఇంతే. గొంతులు మాత్రం ఎవరివి వాళ్లవే. పదిహేనేళ్లుగా హాజరు వింటున్న చెవులు, మోసపోవు. "నెట్ పోతోంది టీచర్" అని తొమ్మిది మందీ ఒకే మాట, అప్పజెప్పినట్టు.

"ఏమిటోయ్ అంత దీక్షగా? హాజరు చూస్తున్నావా, బ్యాంకు దొంగల్ని పడుతున్నావా?" అన్నాడు భర్త, మంచినీళ్లకొచ్చి.

"దొంగలే అనుకో. ఎవరు, ఏం దొంగిలించారన్నదే అంతు చిక్కడం లేదు."

అంతలో హెడ్మాస్టరు ఫోను. "మేడం, ఫోన్ పాఠాలకి ఎవరు సిద్ధమో మీ సెక్షన్ జాబితా ఇంకా రాలేదు."

"ఒక చిన్న అనుమానం ఉందండీ."

"అనుమానాలు తీరిగ్గా తీర్చుకుందురు గాని. అన్ని సెక్షన్లూ నూటికి నూరు సిద్ధం అని ఇచ్చేశాయి. మీ ఒక్కరి దగ్గరే బండి ఆగింది. రేపు పదింటికి పైకి పంపాలి. సంతకం పెట్టి పడేయండి."

ఆ తొందర చూస్తే ఆవిడకి అనుమానం రెట్టింపయింది. ఈ సోమవారం నుంచే బడి కప్పు మరమ్మతు మొదలైంది. ఆరు నెలలు చదువంతా ఫోన్లలోనే. ఫోన్ లేని పిల్లల కోసం పక్కనున్న గ్రంథాలయం రెండు గదులు ఇస్తానంది, కానీ జాబితాలో "సిద్ధంగా లేరు" అని పేరు పడ్డవాళ్లకే. తప్పుగా "సిద్ధం" అని రాస్తే ఆ పిల్లలకి ఫోనూ ఉండదు, బెంచీ ఉండదు. ఆరు నెలల చదువు గాలిలో కలిసినట్టే. నూటికి నూరు లెక్క కోసం పిల్లల చేత ఈ నాటకం హెడ్మాస్టరే ఆడిస్తున్నాడా?

రిజిస్టరు తెరిచింది. తొమ్మిది మందీ ఒకే రోజు బడిలో చేరారు. తొమ్మిది మందిదీ ఒకే చిరునామా, తలుపుల తయారీ షెడ్డు వెనకాల ఉన్న వరస గదులు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆవిడ పాఠం మొదలుపెట్టింది వంటింట్లో కాదు, ఆ గదుల ముందు సందులో. గోడవారగా నిలబడి, ఫోన్ మొహం ముందు పెట్టుకుని హాజరు పిలిచింది. ఆరేసిన దుప్పటి ఒకటి గాలికి వచ్చి నెత్తిన పడుతోంది. తెరమీద పిల్లలు వింతగా చూస్తున్నారు.

"పదిహేడు."

"ప్రెజెంట్ టీచర్!"

ఆ మాట రెండుసార్లు వినిపించింది. ముందు ఎడంపక్క మూడో గుమ్మంలోంచి. ఒక్క క్షణం ఆగి, చేతిలో ఫోన్‌లోంచి.

ఆవిడ చూపు ఆ గుమ్మం మీదికి మళ్లింది. కదలకుండా మామూలుగానే పాఠం సాగించింది. అయిదు నిమిషాలకి పదిహేడు మాయమై పద్ధెనిమిది వచ్చింది. పిలిచింది. మళ్లీ అదే గుమ్మం.

"అందరూ గుండె బొమ్మ గీస్తూ ఉండండి. ఇప్పుడే వస్తా" అని మైకు మూసి, ఈసారి కావాలనే మూసి, ఆ గుమ్మంలో అడుగుపెట్టింది.

లోపల తొమ్మిది మందీ నేలమీద గుండ్రంగా కూర్చున్నారు. నడుమ తలకిందులుగా పెట్టిన బిందెకి ఆనించి ఒకే ఒక్క ఫోను. దగ్గరున్న ఇద్దరికి తెర కనిపిస్తుంది. వెనకున్నవాళ్లకి ముందువాళ్ల తలకాయలే పాఠం. మూల కుట్టుమిషను దగ్గర ఒకావిడ గబుక్కున లేచింది.

"ఫోన్ నాదేనమ్మా. పొద్దున గంటసేపు వీళ్లకే ఇస్తున్నా. నా దగ్గరికొచ్చే పనులన్నీ ఆ తర్వాతే."

పిల్లల్లో చిన్నదైన ఇరవై ఒకటో నంబరు ఏడుపు లంకించుకుంది. దాని భుజం మీద చెయ్యేసి లేచింది ఇరవై రెండు. అరమార్కు కోసం గంట వాదించే పిల్ల. క్లాసంతా లాయరమ్మ అంటారు.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారే? హెడ్మాస్టరు గారేనా?"

పిల్లలంతా లాయరమ్మ వైపు చూశారు.

"భయపడకండి. ఆయన పేరు చెప్పినా మీకేం కాదు."

"ఆయన కాదు టీచర్" అంది లాయరమ్మ. "మీరే."

"నేనా?"

"బడి ఆఖరి రోజు అన్నారుగా. ఫోన్ లేనివాళ్ల పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేస్తానని. ఆ తర్వాతే, ఎవరెవరికి లేదో చేతులెత్తండి అన్నారు. ఎవరు ఎత్తుతారు?"

నిజమే. అన్నది. క్లాసు గోలగోలగా ఉంటే, నోరు మూయించడానికి అన్నది. పుస్తకం తేనివాళ్లని టీసీ ఇచ్చి పంపేస్తాననడం ఆవిడకి రోజూ అలవాటే. సాయంత్రానికి ఆవిడే మర్చిపోయేది. వీళ్లు మర్చిపోలేదు.

తొమ్మిదీ ఇరవై అయింది. పదింటికి జాబితా వెళ్లాలి. ఆవిడ చాప మీద చతికిలబడి సంచీలోంచి జాబితా తీసి పదిహేడో నంబరు దగ్గర పెన్ను ఆనించింది.

"సిద్ధంగా లేరు అని రాస్తున్నాను. అలా రాస్తేనే మీకు గ్రంథాలయంలో గది."

"కొట్టెయ్యడానికి కాదు కదా?"

"కాదే తల్లీ."

"అయితే మా ముందే రాయండి. మొత్తం తొమ్మిదీ."

రాసింది. లాయరమ్మ మీదికి వంగి ఒక్కో పేరూ వేలితో తడుముతూ చదివింది. అంతలో హెడ్మాస్టరు ఫోను.

"ఇరవై ఏడు మందేనండీ సిద్ధం."

"మిగతా వాళ్లు సిద్ధంగా లేరని ఎవరు చెప్పారు మీకు?"

"వాళ్లింట్లోనే కూర్చున్నాను. వచ్చి చూస్తారా?"

ఆయన గొంతు తగ్గింది. "సరే, పంపండి. ఎవరైనా అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటానండీ."

కింద సంతకం పెట్టింది. కాగితం మడవబోతుంటే లాయరమ్మ అడ్డం వచ్చింది. బిందె మీది ఫోను తీసి, పాఠంలోంచి బయటికొచ్చి, కెమెరా తెరిచింది.

"ఒక్క ఫోటో టీచర్."

"ఎందుకే? నా మీద నమ్మకం లేదా?"

"ఉంది టీచర్" అంది ఆ పిల్ల, ఫోటో తీస్తూనే. "కాగితం కదలకుండా పట్టుకోండి. సంతకం సరిగ్గా పడలేదు."