లైన్లో సైదమ్మ

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. అననీ. ఊరి పక్క కంపెనీ వదిలిన నీళ్లు చెరువులో కలిసి, అవి తాగి ఇరవై రోజుల్లో ఊళ్లో ముప్పై రెండు గొర్రెలు చచ్చిపోతే ఎవరి నోరు మంచిగా ఉంటుంది? ఆఫీసుల చుట్టూ తిరిగి మా ఆయన గుర్వయ్య చెప్పులు అరిగిపోయాయి. మా మందలో ఇంకా పంతొమ్మిది మిగిలాయి. ఆ నీళ్లు ఆపకపోతే అవీ పోతాయి. అవి పోతే మా బతుకే లేదు.

ఎన్నికల ముందు టీవీలో ఇద్దరు అభ్యర్థులను ఎదురెదురుగా నిలబెట్టి చర్చ పెట్టారు. జనం ఫోన్ చేసి అడగొచ్చట. అందరూ చూస్తుండగా ఒక్కడు "ఆపిస్త" అన్నా రేపు వాడి గల్లా పట్టుకోవచ్చు. అందుకే పీర్ మహమ్మద్ చాయ్ హోటల్లో కూర్చుని ఆ నంబరు నొక్కుతూనే ఉన్నాను.

హోటల్ నిండా మా గొర్లకాపరులే. సంతలో పొట్టేళ్లను చూసినట్టే చూస్తున్నారు టీవీలో వాళ్లిద్దర్నీ, తెల్ల అంగీ ఆయన్నీ, కండువా ఆయన్నీ.

"గా తెల్లంగాయన నిలబడుడు చూడు. జర గూడ బెదురుతలేడు. పండ్లు చూసినవా, మంచి వయసు మీదున్న ఆరు పండ్ల పొట్టేలు తీర్గున్నడు," అన్నాడు బక్కయ్య.

"ఏం పొట్టేలే? చెమటలు కారుతున్నయ్. మా కండువాయన నయం, కాయితం చూడకుంట మాట్లాడుతుండు," అన్నాడు పర్వతాలు.

చచ్చిన గొర్రెల్లో బక్కయ్యవి ఆరు, పర్వతాలువి నాలుగు. ఆ మాటే ఎత్తరు!

అంతలో లైను కలిసింది. "అమ్మా, చెప్పండి. ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి," అంది యాంకరమ్మ.

"సౌండ్ బంజెయ్యుండ్రి!" అని అరిచాను. పీర్ మహమ్మద్ భాయి రిమోట్ కోసం వెతుకుతున్నాడు.

"అగో, మన సైదక్క టీవీల!" అని అందరూ లేచి మీద పడ్డారు.

"మావోణ్ణి అడుగక్కా!"

"మావోణ్ణే అడుగు, దిమ్మ దిరిగే జవాబిస్తడు!"

నోర్ముయ్యండిరా అని తిడుతూనే చెరువు సంగతి, గొర్రెల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నా గొంతే టీవీలోంచి తిరిగొచ్చి చెవుల్లో గోల పెట్టింది.

"అమ్మా, ఏమీ వినబడటం లేదు. హలో..." లైను తెగిపోయింది.

తెల్లంగాయన చేతులు జోడించాడు. "ఆ తల్లి బాధ నాకు అర్థమైంది. గెలవంగనే తప్పకుండా చేస్తా."

హోటల్ దద్దరిల్లిపోయింది. బక్కయ్య ఈల వేశాడు. "అబ్బా, ఏమన్న జవాబా!" అని పర్వతాలు కూడా ఒప్పుకున్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తల తిప్పితే, చప్పట్లు కొడుతున్న వాళ్లలో గుర్వయ్య ఉన్నాడు.

"నీకేం పుట్టిందయ్యా? నేనేం అడిగిన్నో ఆయనకు ఇనబడనే లేదు!"

"నాకెర్కనే," అన్నాడు చప్పట్లు ఆపకుండానే. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "చేస్త అన్నడు గదనే. ఇన్ని దినాలల్ల గా మాట గూడ మనకెవ్వడు అనలే."