వెనేరా ఒప్పుకోని మంచు

మా ఎత్నా అగ్నికొండ గురించి నేను చెప్పిన కథల్లో నిజమైనది ఒక్కటే. మా ఇంట్లో ఎవరూ నమ్మనిదీ అదే. లావా మీద గుడ్లు వేయించుకు తిన్నానంటే తలలూపుతారు. మా కంచరగాడిద తుమ్మితే కొండ బదులు తుమ్మిందంటే నవ్వుతారు. పెళ్లికి ముందు, నడి ఆగస్టు ఎండలో, వెనేరాకు ఈ కొండ మీద మా నాన్న మంచు గుంటలోంచి మంచు తెచ్చిచ్చానంటే మాత్రం "కోతలు" అంటారు. వెనేరానే అడగండంటే, "నాకేం గుర్తులేదు" అంటుంది మా ఆవిడ.

ఈ ఏప్రిల్‌లో మనవరాలు మిరెల్లా తేల్చి చెప్పింది.

"తాతా, ఆ మంచు గుంట చూపించు. లేకపోతే ఇక నీ కథ ఒక్కటీ వినను."

నా కథలకు మిగిలిన చెవులు ఆ పిల్లవే. అందుకే నేను, వెనేరా, అల్లుడు ఒత్తావియో, మిరెల్లా పార పట్టుకుని మంచులో కొండెక్కాం.

మా నాన్నది మంచు పని. చలికాలం చివర గుంటలో మంచు తొక్కి గట్టిచేసి, కింది అడవి నుంచి మోసుకొచ్చిన ఫెర్న్ ఆకులు పరిచి, కరగకుండా పైన నల్ల బూడిద కప్పేవాడు. వేసవిలో అది కోసి, కంచరగాడిద మీద షర్బతు దుకాణాలకు దింపేవాడు. ఫ్యాక్టరీ ఐసు వచ్చిన ఏడాది మంచు ఎవరూ అడగలేదు. అయినా నాన్న గుంట కప్పాడు. చేతులు ఊరుకోక కాబోలు. వెనేరాకు నేనిచ్చిన ముక్క అందులోదే. మిగిలినదాన్ని మళ్లీ కప్పేసి వచ్చాను.

గుంట గుర్తుకు నాన్న పాతిన రాయి ఇంకా ఉంది. దాని పక్కనే తవ్వాం. తెల్లమంచు పోయి నల్ల బూడిద తగిలింది.

"మామయ్యా, ఇది కొండ ఊసినదే," అన్నాడు ఒత్తావియో పార ఆపి. "మా డాబా మీద కూడా ఉంది. వెళ్లి అక్కడ తవ్వమంటారా?"

మిరెల్లా నవ్వలేదు. నావైపు చూసింది.

"ఇంకాస్త తవ్వు నాయనా," అన్నాను.

ఈసారి పారకు గోధుమరంగు ఆకు అంటుకుని వచ్చింది. మిరెల్లా దాన్ని అరచేతిలో పరిచింది.

"తాతా, ఇంత ఎత్తున ఇది మొలవదు కదా?"

"మొలవదు. మోసుకు రావాలి."

ఆకుల కింద గాజురాయిలా బిగిసిన పాత మంచు. ఒత్తావియో టోపీ తీశాడు.

వెనేరా కోటు జేబులోంచి నిమ్మకాయ తీసింది.

"ఇదెందుకు తెచ్చావే?" అన్నాను.

"ఎక్కేటప్పుడు నోరెండుతుందని."

దాన్ని కొరికి, రసం మంచుముక్క మీద పిండి, ఆ ముక్క నోట్లో వేసుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది.

"ఆ రోజు నువ్విచ్చిన ముక్క కంచరగాడిద వాసన వేసింది," అంది.

"మరి ఇన్నాళ్లూ గుర్తులేదన్నావే?"

"ఒక్కటి ఒప్పుకుంటే, మిగతా కోతలన్నిటికీ నన్నే సాక్ష్యం పిలిచేవాడివి."

మిరెల్లా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, అయితే ఆ గాడిద తుమ్మిందీ, కొండ బదులు తుమ్మిందీ కూడా నిజమేనా?"

వెనేరా నన్ను ఎగాదిగా చూసి, ఇంకో ముక్క మీద నిమ్మకాయ పిండుకుంది.

"నాకేం గుర్తులేదు," అంది.