బయటి పని కింద రాసిన కళాయి

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాదే మా పాత్రల కార్ఖానాలోకి కంప్యూటరు వచ్చింది. ఏ గుండిగ ఏ రోజు ఎవరి చేతికి వెళ్ళాలో ఇకనుంచి అదే చెబుతుందన్నారు. దాని ముందు కూర్చున్నవాడు మా అల్లుడు.

నేనూ తమ్ముడూ ఇత్తడి గుండిగలకు కళాయి పెట్టేవాళ్ళం. కాగిన గుండిగలో తగరం వేసి నవాసారం చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. గొంతు పట్టేసే పొగ. మా గదిలో దాన్ని బయటికి లాగే పెద్ద ఫ్యాను ఉండేది కాబట్టి బతికిపోయాం.

అల్లుడు ఒక్కో పనినీ కంప్యూటరులోకి ఎక్కించాడు. కొట్టడం లోపల, అతకడం లోపల, మెరుగు పెట్టడం లోపల. కళాయి దగ్గరికి వచ్చేసరికి బయట అని పెట్టాడు. ఒక కాంట్రాక్టరు పేరు తగిలించాడు. మా గది మూసేశారు. తమ్ముడు పనితోపాటే ఆ కాంట్రాక్టరు షెడ్డుకు వెళ్ళాడు. నాకు వ్యాను ఇచ్చారు. గుండిగలు షెడ్డు గేటు దగ్గర దించాలి, అయినవి ఎక్కించుకోవాలి. లోపలికి వెళ్ళొద్దన్నారు. వెళ్ళలేదు.

వానలు తగ్గేసరికి తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఒకరోజు గేటు దగ్గర ఎవరూ లేరు. దగ్గు మాత్రం వినబడుతోంది. లోపలికి నడిచాను.

రేకుల కొట్టం. పొగ గురించి చుట్టుపక్కలవాళ్ళు గొడవ పెడతారని కిటికీలకు టార్పాలిన్ కొట్టేశారు. గుండిగలు యాసిడ్‌తో కడిగిన నీళ్ళు పచ్చగా నేలమీదే నిలిచాయి. ఆ నీళ్ళలోనే పనివాళ్ళు పీటలు వేసుకుని కూర్చున్నారు. గోడవార ఇటుకల మీద అన్నం డబ్బాలు, మూతల నిండా తెల్లటి నుసి. తమ్ముడు ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ తీసి ఊశాడు.

"ఏంటన్నా, లోపలికి రావద్దన్నారుగా?" అన్నాడు.

"ఏం, పెళ్ళికూతుర్ని గానీ దాచారా?"

"దాచారు. నేనే. మేలిముసుగు కనబడట్లేదూ?" అని గుడ్డ చూపించి నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. ఎంతకీ ఆగలేదు.

సాయంత్రం అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడు భోజనానికి కూర్చున్నాడు. అమ్మాయి నాకూ కంచం పెట్టింది.

"ఆ షెడ్డులో ఒక ఫ్యాను పెట్టించండి అల్లుడుగారూ," అన్నాను.

"మనం పెట్టకూడదు మామయ్యా."

"మా గదిలోది ఊరికే పడుంది. నేనే తీసుకెళ్ళి బిగిస్తాను."

"అయ్యో, అదే వద్దనేది. ఫ్యాను మనం పెడితే రేపు అక్కడ ఎవరికేమైనా మన మీదికొస్తుంది. ఏమీ పెట్టకపోతేనే అది బయటి పని. ఆ పనికి కంప్యూటరులో కాంట్రాక్టరు పేరు, పట్టే రోజులు, అంతే. మనుషులతో మనకు సంబంధం లేదు."

"అక్కడున్నది మీ చిన్నమామయ్య."

"తెలుసు. అక్కడ పనిలో పెట్టించింది నేనేగా. లేకపోతే ఇంట్లో ఖాళీగా కూర్చునేవాడు." ముద్ద కలుపుకున్నాడు.

"ఊపిరి తీసే కొట్టం అది."

"అసలు మీరు లోపలికెందుకెళ్ళారు?"

ఇంత చెబితే అతనికి కనబడిన తప్పు అదొక్కటే. వేళ్ళు నాక్కుంటూ అడిగాడు. ఆ చేతికి నా పిల్లనిచ్చానా అనిపించింది. లేచాను.

"తినకుండా లేస్తావేంటి నాన్నా?" అంది అమ్మాయి.

"మీ చిన్నాన్న దగ్గు వినే వచ్చాను. ముద్ద దిగదు."

"చిన్నాన్నకు దగ్గు ఎప్పుడూ ఉండేదేగా."

ఎప్పుడూ లేదు. ఈ పిల్ల చిన్నప్పుడు దాన్ని భుజాలమీద ఎక్కించుకుని వీధి చివరిదాకా పరుగెత్తినవాడు వాడు. ఆ మాట మొగుడు నేర్పిందని తెలుస్తూనే ఉంది. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే వ్యానునిండా గుండిగలతో షెడ్డుకు వెళ్ళాను. ఒక్కటీ దించలేదు. లోపలికి పోయి తమ్ముడి చెయ్యి పట్టుకుని లేపాను.

"పని సగంలో ఉందన్నా."

"ఉండనీ."

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కార్ఖానాకు వచ్చాను. గుండిగలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి అల్లుడి బల్ల చుట్టూ, బయటికి దారి లేకుండా దించాను. అతనేదో అంటున్నాడు. వ్యాను తాళాలు ఒక గుండిగలో పడేసి, తమ్ముణ్ణి మెల్లగా నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాను.