అక్క పళ్ళ సెట్టు

సోమవారం పొద్దున ల్యాబ్‌లో అడుగు పెట్టేసరికే అతని కాళ్ళు ఒకచోట నిలవడం మానేశాయి. ప్రయాణం ఆదివారం. మధ్యలో ఆరు రోజులు, బల్ల మీద పదకొండు మంది ముక్కూమొహం తెలియనివాళ్ళ నోళ్ళు, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన చీటీ. సెలవు కాగితం మీద యజమాని సంతకం, బావగారికి మోకాలి పట్టీ, మేనకోడలికి ఆ పిల్ల పాదం ఆన్చి గీసి పంపిన కాగితం కొలతకు బూట్లు, ఇంకా పద్నాలుగు పనులు ఆ చీటీలో ఉన్నాయి. అసలు పని మాత్రం అందులో లేదు. అది సొరుగులో తడిగుడ్డ కింద, దవడలా తెరుచుకుని మూసుకునే ఇనుప చట్రానికి బిగించి ఉంది. అక్కకు పళ్ళ సెట్టు.

తొమ్మిదేళ్ళుగా అతను ఈ దేశంలో పళ్ళు చేస్తున్నాడు. మనుషుల్ని చూడడు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. అతను ప్లాస్టర్ పోసి, మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. ఆ పళ్ళతో ఎవరు నవ్వారో, ఎవరు ఎవర్ని తిట్టారో అతనికి తెలియదు. తెలియకపోవడమే హాయిగా ఉండేది. గదిలో తోడుండే ట్యాక్సీ డ్రైవరు అతన్ని పళ్ళబావ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. ఒకే పొయ్యి మీద ఏడేళ్ళు వండుకుంటే వరసలు వాటంతటవే పుడతాయి.

అక్క బస్సు కండక్టరు. అతనికంటే పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. స్కూలు లేని రోజుల్లో బస్సులో ఆఖరి సీటు మీద కూర్చోబెట్టి, టికెట్లు కొడుతూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఏడో ఎక్కం దగ్గర తడబడితే ప్రయాణికులు అందించేవాళ్ళు. "మీరు చదువుకున్నది చాలు, వాణ్ణి చదవనివ్వండి" అని ఆమె గదిమితే బస్సంతా నవ్వేది, ఆమె కూడా నవ్వేది. నవ్వితే ఎడమవైపు కోరపన్ను పక్క పన్ను భుజమెక్కి కనిపించేది.

మూడేళ్ళ కిందట ఒకరోజు ఆమె ఫోన్ చేసింది. "చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందిరా. నువ్వు పళ్ళ పనివాడివి కదా, ఏమంటావు?" అతని చేతిలో పని ఉంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పి పెట్టేశాడు. మళ్ళీ అడగలేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు. ఒక్కొక్క పన్నూ కదిలి, కిందటేడు అన్నీ తీయించేసుకున్నాక మేనకోడలు చెప్పింది. అప్పటినుంచి అక్క వీడియోలో కనిపించదు. బస్సు దిగిపోయి, డిపోలో కాగితాల ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంటోందట.

అందుకే అతనికి పళ్ళు పూర్తిగా తయారై ఉండాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే డబ్బా చేతిలో పెడతాడు. ఆమె లోపలికి వెళ్ళి పెట్టుకుని, పాత అక్కై బయటికి వస్తుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీ నోటిని అతను చూడాల్సిన పని ఉండదు. ఈ చివరి మాట అతను తనకు తాను కూడా పైకి చెప్పుకోలేదు. అది పాదాల్లోనే తిరుగుతూ ఉండేది.

ఊళ్ళో డాక్టరు అక్క నోటి అచ్చులూ, బైట్ కొలతా ఇటు వస్తున్న ఒకాయన చేత పంపాడు. బైట్ అంటే నోరు మూసినప్పుడు పై దవడకూ కింది దవడకూ మధ్య ఉండాల్సిన ఎత్తు. మనిషి నోట్లో మైనం పెట్టి కరిపించి తీస్తారు. అచ్చులు క్షేమంగా వచ్చాయి. మైనం ముక్క మాత్రం పెట్టెలో వేడికి మెత్తబడి, కాలి కింద పడ్డ సబ్బుముక్కలా అణిగిపోయింది. మళ్ళీ తెప్పించే టైము లేదు. అతను అక్క పాత ఫొటో తీసి, ముక్కు నుంచి గడ్డం దాకా స్కేలుతో కొలిచి, లెక్క వేసి, ఎత్తు తనే నిర్ణయించేశాడు. కొత్తగా చేరినవాడెవడైనా ఈ పని చేస్తే వాడి చెవి మెలిపెట్టేవాడు.

మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో అందరికంటే పాతవాడు, అతని భాషవాడే, తడిగుడ్డ ఎత్తి చూశాడు. అతన్ని అందరూ పెద్దాయన అంటారు.

"ఎవరిదయ్యా ఇది? చీటీ లేదు, డాక్టరు పేరు లేదు. అనాథ నోరా?"

"మా అక్కదండీ."

పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, చట్రాన్ని రెండుసార్లు తెరిచి మూశాడు. "కోరపన్ను వంకరగా పెట్టావు."

"ఆమెది అలాగే ఉండేది."

"బాగుంది. నోట్లో పెట్టి చూశావా?"

"ఆమె అక్కడ, నేనిక్కడ. ఎలా చూస్తానండీ?"

"మరి బైట్ ఎక్కడిది?"

"ఫొటో చూసి..."

"ఫొటో చూసా! పెళ్ళిచూపులా ఏమిటి?" పెద్దాయన చట్రాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నీకు తెలియనిది కాదు. మైనంలో ఉన్నంతసేపే పళ్ళు మనం చెప్పినట్టు వింటాయి. ప్లాస్టిక్‌లోకి మార్చాక వినవు. అప్పుడు మీ అక్క నోరే వాటి మాట వినాలి. పాపం, ఆవిడేం తప్పు చేసింది?"

అతను ఏదో గొణిగి బూట్ల కొట్టుకు బయల్దేరాడు. దారిలో పాదం గీసిన కాగితం ల్యాబ్‌లోనే మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. తిరిగి వచ్చేసరికి కొట్టు మూసేశారు.

బుధవారం సాయంత్రం గదిలో పెట్టె మూడోసారి సర్దాడు. డ్రైవరు మంచం మీద కాళ్ళు చాపుకుని, తీసినవి మళ్ళీ పెడుతున్న అతన్ని చూస్తూ కూర్చున్నాడు.

"పళ్ళబావా, మోకాలి పట్టీలు మూడు తీసుకున్నావు. మీ బావగారికి కాళ్ళెన్ని?"

"ఒకటి సరిపోకపోతే ఇంకొకటి ఉంటుందని."

"మరి బూట్లు రెండు జతలు?"

"కాగితం మళ్ళీ మరిచిపోయాను. సైజు గుర్తుకు రాలేదు."

"కత్తెర చేతిసంచిలో పెట్టావు, విమానంలో ఎవరికి క్షవరం చేస్తావు? కూర్చో ఒక్క నిమిషం. నిన్ను చూస్తుంటే నాకు ఆయాసం వస్తోంది." డ్రైవరు లేచి కత్తెర తీసి పెట్టెలో పడేశాడు. "నిజం చెప్పు, నువ్వు ఊరెళ్తున్నావా, ఎవరి నుంచైనా పారిపోతున్నావా?"

"ఊరికేనయ్యా, పని ఎక్కువైంది" అన్నాడు అతను. కానీ ఆ ప్రశ్న చెప్పులో రాయిలా మర్నాటిదాకా అతనితో నడిచింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళకు ల్యాబ్ ఖాళీ అయింది. సెలవు కాగితం మీద పొద్దునే సంతకం పడింది. ఇక మిగిలింది ఒకటే. మైనంలో నిలబెట్టిన పళ్ళను ఇత్తడి డబ్బాలో కింది సగంలో ప్లాస్టర్‌తో కూర్చోబెట్టి ఉంచాడు. పై సగంలో కూడా ప్లాస్టర్ పోసి బిగించి, మరిగే నీళ్ళలో పెడితే మైనం కరిగిపోతుంది. ఆ జాగాలో గులాబీ రంగు ప్లాస్టిక్ నింపడమే. వెనక్కి రావడమంటూ ఉండదు.

రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలిపాడు. కలుపుతుంటే పెద్దాయన మాట చెవిలో మెదిలింది. నోట్లో పెట్టి చూడలేడు సరే, మాటైనా వింటే? పళ్ళ ఎత్తు సరిగ్గా ఉందో లేదో మాట పలికించి చూడటం ఈ పనిలో ఉన్నదే. పళ్ళు లేకపోయినా మాట ఎప్పటిలాగే ఉందని ఒక్కసారి వింటే చాలు, పోసేస్తాడు. ఒక చేత్తో గిన్నె పట్టుకునే ఫోన్ కలిపాడు.

"ఏరా, ఇవాళే దిగిపోయావా ఏం?"

"ఆదివారం అక్కా. ఒక పని చెయ్యి. నీ స్టాపులు చెప్పు."

"ఏం స్టాపులు?"

"పాత రూటువి. బస్సులో అరిచినట్టే అరవాలి."

"మతి పోయిందా? డిపోలో నలుగురూ ఉన్నారు."

"ఉంటే టికెట్ తీసుకుంటారు. చెప్పక్కా."

కుర్చీ జరిగిన చప్పుడైంది. గొంతు సవరించుకుంది. "మార్కెట్టు... సినిమా హాలు... కోర్టు... సర్కారు ఆసుపత్రి... స్టేషను..."

తమాషాగా ఉంటుందనుకున్నాడు. ఉండలేదు. 'స' వచ్చిన చోటల్లా గాలి జారిపోతోంది. మాట ఆనుకోవడానికి ఏమీ దొరక్క లోపలికి పడిపోతోంది. ఇన్ని వారాలూ అతను ఫొటోలోని మనిషికి పళ్ళు చేస్తున్నాడు. ఆ మనిషికి అసలు పళ్ళ అవసరమే లేదు, ఆమెకు ముప్ఫై రెండూ ఉన్నాయి. ఇప్పటి అక్కకు ఎముక అరిగింది, దవడ ఒక పక్కకు ఒరిగింది. అవన్నీ అచ్చుల మీద మొదటిరోజే కనిపించాయి. పరాయివాళ్ళ అచ్చయితే ఒక్క చూపుతో చదివేసేవాడు. ఇది చదవడం ఇష్టం లేక చూసీ చూడనట్టు దాటేశాడు.

"ఇంకా మూడున్నాయి. ఊరిబయటివి. అక్కడ ఎవరూ దిగరులే" అంది అక్క. "చాలా?"

అతని అరచేతిలో గిన్నె వెచ్చబడుతోంది. ప్లాస్టర్ గట్టిపడే ముందు అలా వేడెక్కుతుంది. పోస్తే ఇప్పుడే పోయాలి, నిమిషం దాటితే పనికిరాదు. ఆ నిమిషమంతా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"అక్కా, పళ్ళు పూర్తి కాలేదు."

"పోనీలేరా. వస్తున్నావు కదా, అది చాలు."

"అలా కాదు. మైనంలోనే తెస్తాను. వేడి తగలకుండా ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. నీ నోట్లో పెట్టి చూసి, సరిచేసి, అప్పుడు అక్కడే పూర్తి చేయిస్తాను. రెండు మూడు రోజులు కూర్చోవాలి. నువ్వు నా ముందు నోరు తెరవాలి."

అవతల ఏదో బస్సు వెనక్కి తీస్తున్నారు, ఎవరో "రానీ, రానీ" అంటున్నారు. ఆ కేకలు ఆగాయి.

"డాక్టరు చూస్తే కాదా?"

"నేను చూడాలి."

"నువ్వు చూడలేవురా. నేనే అద్దంలో చూసుకోను."

"అక్కా, ఆ రోజు నువ్వు రక్తం వస్తోందంటే నేను పట్టించుకోలేదు. రోజూ ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ..."

"నాకు తెలియదనుకున్నావా?" అంది. గొంతులో కోపం లేదు, అలాగని ఓదార్పూ లేదు. తర్వాత "నొప్పి పెడుతుందా?" అని అడిగింది.

"ఎక్కడో ఒకచోట నొక్కుతుంది. నొక్కితే వెంటనే చెప్పాలి. ఓర్చుకోకూడదు."

"చెబితే వింటావా?"

వింటానని అనేయడం తేలిక. ఆ మాట నోటిదాకా వచ్చింది. మూడేళ్ళ కిందట కూడా అతని దగ్గర జవాబు అంత సిద్ధంగానే ఉండింది. అందుకే ఆ మాట మింగేశాడు.

"వినకపోతే నా వేలు కొరికెయ్యి" అన్నాడు చివరికి.

"దేంతో కొరకనురా?"

అని, తన మాటకు తనే నవ్వడం మొదలుపెట్టింది. మొదట కొంగులోకి, తర్వాత కొంగు జారిపోయిందేమో, బాహాటంగా. గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ ఉన్న నవ్వు. అతను ఎన్నడూ వినని నవ్వు. పక్కనున్నవాళ్ళెవరో ఏమైందమ్మా అని అడిగితే "మా తమ్ముడు, మా తమ్ముడు" అంటోంది తప్ప ఇంకో మాట రావడం లేదు. అతను ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఆ నవ్వు ఆమె నోట్లో ఎక్కడ తగిలి ఎక్కడ జారుతోందో వింటూ నిలబడ్డాడు.